పిల్లల కడుపులో పురుగులు: మాత్ర ఎలా వేయాలి, మళ్ళీ రాకుండా ఏం చేయాలి

కోనసీమ పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగే నాకు రోజూ చెవిన పడే మాట ఇది: "మేడంగారూ, పిల్లకి పాములు పడ్డాయండి, ఓ మాత్ర ఇవ్వండి." మాత్ర ఇవ్వడానికి అర నిమిషం పట్టదు. కానీ ముందు కొన్ని ప్రశ్నలు వేస్తాను. పురుగును కళ్ళతో చూశారా? ఎంత పొడవుంది? రాత్రిళ్ళు దురద పెడుతోందని ఏడుస్తోందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

అడగడానికి కారణముంది. చాలా రకాల పురుగులకు మాత్ర ఒకటే అయినా అవి ఒంట్లోకి వచ్చే దారులు వేరు. ఒకటి మట్టి అంటిన చేతి మీదుగా నోట్లోకి పోతుంది. ఇంకొకటి చెప్పుల్లేని కాలి చర్మం తొలుచుకుని లోపలికి వస్తుంది. మూడోదాన్ని పిల్ల తన గోటితో తానే నోట్లో పెట్టుకుంటుంది. ఏ దారిన వచ్చిందో చూడకుండా మాత్రలు వేస్తూ పోతే రెండు మూడు నెలల్లో మళ్ళీ మొదటికే వస్తుంది.

ముందు ఏ పురుగో చూడండి

తెల్లగా, సన్నగా, సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండి, రాత్రిపూట మలద్వారం దగ్గర కదులుతూ కనిపిస్తే అవి నులిపురుగులు. లేత గులాబీ రంగులో, గుండ్రంగా, జానెడు అంతకంటే పొడుగ్గా ఉన్నది దొడ్డికెళ్ళినప్పుడు పడితే అది ఏలికపాము. అందులో ఆడది 35 సెంటీమీటర్ల దాకా కూడా పెరుగుతుంది, అందుకే మొదటిసారి చూసిన తల్లి హడలిపోతుంది. కొంకిపురుగు, కొరడాపురుగు మామూలుగా మీ కంటపడవు. మలం పరీక్షలో గుడ్లను చూసి పట్టుకుంటారు. చదునుగా, తెల్లటి రిబ్బను ముక్కల్లా పడితే అది బద్దెపురుగు. దానికి మాత్రం ఇంట్లో ఉన్న మాత్ర వేసేయకుండా డాక్టరుకు చూపించండి, దాని మందు లెక్క వేరు.

నులిపురుగులకు మలం పరీక్ష చేయించి డబ్బు పోగొట్టుకోకండి. అవి గుడ్లు పెట్టేది పేగులో కాదు, రాత్రి బయటికి వచ్చి మలద్వారం చుట్టూ ఉన్న చర్మం మీద. అందుకే రిపోర్టులో చాలాసార్లు ఏమీ కనిపించదు. పిల్ల నిద్రపోయిన రెండు మూడు గంటల తర్వాత టార్చి వేసి చూడండి. కనిపించకపోతే పొద్దున్నే, ఇంకా కడగకముందే, సెలోటేపు ముక్క జిగురు వైపు ఆ చర్మానికి అద్ది తీయండి. దాన్ని గాజు స్లైడుకు అంటించి ల్యాబులో ఇస్తే మైక్రోస్కోపు కింద గుడ్లు కనిపిస్తాయి. వరుసగా మూడు రోజులు చేస్తే దొరక్కుండా పోవడం అరుదు.

నిద్రలో పళ్ళు కొరికితే పురుగులే అనే నమ్మకం మా వైపు గట్టిగా ఉంది. చొంగ కార్చినా, బుగ్గల మీద తెల్లటి మచ్చలు వచ్చినా అదే మాట. వీటిలో దేన్నీ గుర్తుగా పట్టుకుని మాత్ర వేయక్కర్లేదు. బుగ్గల మీద మచ్చలు ఎక్కువగా చర్మం పొడిబారడం వల్ల వస్తాయి. బెల్లం తింటే పాములు పడతాయన్నదీ అంతే. బెల్లంలో పురుగుల గుడ్లేమీ ఉండవు. ఆ బెల్లం ముక్క పట్టుకున్న చెయ్యి అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో చూసుకోండి.

మాత్ర వేయడం

మాత్ర పేరు ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. 1 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలందరికీ అంగన్‌వాడీల్లో, బడుల్లో, జూనియర్ కాలేజీల్లో ఉచితంగా వేస్తారు. 2015లో మొదలైన ఈ కార్యక్రమానికి ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు. ఒక్కోసారి తేదీ కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. ఆ రోజు పిల్లకు జ్వరం వచ్చినా, ఊళ్ళో లేకపోయినా కంగారు పడక్కర్లేదు, మిగిలిపోయిన వాళ్ళ కోసం వారం తర్వాత ఇంకో రోజు ఉంటుంది. బడికి వెళ్ళని పిల్లలకూ ఇస్తారు, అంగన్‌వాడీకి తీసుకెళ్ళండి.

ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లకు సగం మాత్ర. రెండేళ్ళు నిండితే ఒకటి. మూడేళ్ళ లోపు వాళ్ళకు ఎప్పుడూ పొడి చేసే ఇవ్వాలి. రెండు చెంచాల మధ్య పెట్టి నొక్కితే పొడి అయిపోతుంది, దాన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి పట్టండి. మూడేళ్ళు దాటిన పిల్లలు నమిలి తినాలి, ఆ తర్వాత నీళ్ళు తాగాలి. గుటుక్కున మింగేస్తానంటే ఒప్పుకోకండి. మందుల షాపులో సిరప్ కొంటే సీసా బాగా ఊపి, లేబుల్ మీద 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములుందో చదివి ఆ లెక్కన పోయండి. 200 అని ఉంటే పెద్ద పిల్లకు 10 మిల్లీలీటర్లు, రెండేళ్ళ లోపు పిల్లకు 5.

పిల్ల ఏడుస్తుంటే మాత్ర వేయకండి. ముక్కు మూసి, తల వెనక్కి వంచి పోయడం మన ఇళ్ళల్లో మామూలే గానీ అది ప్రమాదం. మాత్ర ముక్క గొంతులో అడ్డుపడితే పిల్ల ఊపిరే ఆగిపోవచ్చు. పురుగులున్న పిల్లకు పది నిమిషాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు. కూర్చోబెట్టి, ఏడుపు తగ్గాక వేయండి.

అన్నం తిన్నాక వేస్తే మంచిది. ముందు రోజు పస్తు పెట్టడం, మాత్ర తర్వాత విరేచనాల మందు ఇవ్వడం అక్కర్లేదు. ఈ మాట దగ్గర మామ్మలతో నాకెప్పుడూ పేచీయే. "ఆయ్, మా రోజుల్లో నెలకోసారి ఆముదం పోసేవోళ్ళం, ఏ పామూ ఉండేది కాదండి" అంటారు. "మామ్మగారూ, ఆముదానికి కడుపు జారుతుంది, పురుగు మాత్రం పేగులోనే ఉంటుంది" అంటాను. ముక్కు మూసి పోసే ఆముదం ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుందన్నాకే కొందరు గిన్నె కింద పెడతారు. వేపచిగురు, వాము పెద్ద పిల్లలకు కూరలో కాస్త వేసి పెట్టుకుంటే నష్టం లేదు, కానీ మాత్ర బదులు వాటిని నమ్ముకోకండి.

ఎవరికి వేయకూడదో కూడా చూసుకోండి. ఏడాది నిండని పిల్లకు డాక్టరు చెప్పకుండా వద్దు. జ్వరంతోనో, వేరే జబ్బుతోనో ఉన్న పిల్లకు తగ్గాక వేయొచ్చు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన పిల్ల అయితే ఆ సంగతి ముందే చెప్పండి. బద్దెపురుగు పిల్లలు మెదడులో తిత్తులుగా ఉన్నవాళ్ళకు ఈ మందు పడితే మళ్ళీ ఫిట్స్ రావచ్చు, అందుకని డాక్టరు చూశాకే వేయాలి. పెళ్ళయిన అమ్మాయిలు ఉంటారు కదా, కడుపుతో ఉండి మొదటి మూడు నెలల్లో ఉంటే వేసుకోకూడదు. అందరి ముందూ అడిగితే చెప్పరు కాబట్టి నేను పక్కకు పిలిచి అడుగుతాను.

మాత్ర వేశాక కొందరికి కడుపునొప్పి, వికారం, ఒకటి రెండు వాంతులు వస్తాయి. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. నీడన పడుకోబెట్టి కొంచెం కొంచెం నీళ్ళు తాగిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. మాత్ర కక్కేసిందని మీ అంతట మీరు ఇంకోటి వేయకండి, నర్సునో ఆశానో అడగండి. బడిలో వేశాక ఇంటికొచ్చి షాపు సిరప్ కూడా పట్టే వాళ్ళున్నారు, అదీ వద్దు. ఇంకో సంగతి, పురుగు పడలేదు కాబట్టి మాత్ర పని చేయలేదని అనుకోకండి. ఏలికపాములైతే ఒకటి రెండు రోజుల్లో పడి కనిపించొచ్చు. కొంకిపురుగులు చచ్చి బయటికి పోయినా మీకు తెలియదు.

నులిపురుగులైతే ఇంటిల్లిపాదికీ వైద్యం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే తల్లులు విసిగిపోయేది ఈ పురుగుతోనే. మాత్ర పెద్ద పురుగులను చంపుతుంది గానీ గుడ్లను చంపదు. ఆ గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే ఇంకొకరికి అంటుకోవడానికి సిద్ధమవుతాయి. పిల్ల దురదకు గోకుతుంది, గుడ్లు గోళ్ళ కింద చేరతాయి, అదే చెయ్యి నోట్లోకి, తమ్ముడి బుగ్గకు, దుప్పటికి, బొమ్మకు. బట్టల మీదా వస్తువుల మీదా రెండు మూడు వారాల దాకా బతికి ఉంటాయి.

అందుకని మొదటి పని, ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒకే రోజు మాత్ర వేసుకోవాలి. పిల్లతో కలిసి పడుకునే అమ్మమ్మ, దురద లేదని చెప్పే నాన్న, అందరూ. కడుపుతో ఉన్న తల్లి, ఏడాది లోపు బిడ్డ మాత్రం డాక్టరును అడగాలి. రెండో పని, సరిగ్గా రెండు వారాలకు అందరూ మళ్ళీ ఒక మాత్ర వేసుకోవాలి. మొదటి మాత్ర నాటికి గుడ్లుగా ఉన్నవి ఈలోపు పురుగులవుతాయి, అవి మళ్ళీ గుడ్లు పెట్టేలోపు రెండో మాత్ర పడాలి. ఆ తేదీని గోడమీది క్యాలెండర్‌లో అమావాస్య, ఏకాదశి పక్కనే రాసి పెట్టమంటాను. బడిలో వేసిన ఒక్క మాత్రతో నులిపురుగులు పోలేదని చెప్పే ఇళ్ళల్లో చాలావాటిలో జరగనిది ఈ రెండోసారి మాత్రే.

ఆ రెండు వారాలూ పాటించాల్సినవి చెబుతాను. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి, కత్తిరించినవి గచ్చు మీద వదిలేయకండి. రాత్రి పిల్లకు బిగుతుగా ఉండే డ్రాయరు వేయండి, నిద్రలో గోకినా వేలు నేరుగా చర్మానికి తగలదు. పొద్దున లేవగానే ఆ భాగం పారే నీళ్ళతో కడిగి స్నానం చేయించాలి, రాత్రి పెట్టిన గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి. టబ్బులో ఇద్దరు పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టొద్దు. డ్రాయర్లు రోజూ మార్చండి. దుప్పట్లను మంచం పక్కన నిలబడి దులపకండి, దులిపితే గుడ్లు గాల్లోకి లేస్తాయి. మెల్లగా మడిచి తీసుకెళ్ళి వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. గది కూడా ఆ రోజుల్లో పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి.

వేళ్ళు చీకే పిల్లలతోనే చిక్కు. వేలికి వేపనూనె రాస్తే మానేస్తారంటారు. మా ఊళ్ళో ఒకడు రెండు రోజులు మొహం చిట్లించి, ఆ తర్వాత చేదుకే అలవాటు పడ్డాడు. నూనె రాసినా రాయకపోయినా చేతులు మాత్రం మాటిమాటికీ కడగాల్సిందే.

ఆడపిల్లల్లో ఈ పురుగులు ముందు వైపుకూ పాకుతాయి. అక్కడ దురద, మూత్రానికి వెళ్తే మంట, ఉన్నట్టుండి పక్క తడపడం మొదలవుతాయి. యూరిన్ ఇన్ఫెక్షన్ అని సొంతంగా యాంటీబయాటిక్ కొనకుండా, మూత్రం పరీక్షతో పాటు రాత్రి టార్చి పరీక్ష కూడా చేయండి. ఇంకో మాట, పిల్లను చీదరించుకోకండి. ఎంత శుభ్రమైన ఇంట్లోనైనా, అపార్ట్‌మెంట్లో పెరిగే పిల్లకైనా ఇది వస్తుంది. ట్యూషన్లో పక్కన కూర్చున్న పిల్ల నుంచి రావచ్చు. పెంపుడు కుక్క మీదా పిల్లి మీదా మాత్రం నింద వేయకండి, నులిపురుగు మనుషుల నుంచి మనుషులకే వస్తుంది.

ఏలికపాములైతే మట్టి, నీళ్ళు, ఆకుకూరలు

ఏలికపాము దారి వేరు. దాని గుడ్డు బయట పడగానే అంటుకోదు, మట్టిలో రెండు మూడు వారాలు ముదరాలి. కాబట్టి దుప్పట్లు ఉడకబెట్టే పని ఇక్కడ లేదు. చూడాల్సింది పెరడు. ఒక్క ఆడపురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది, మట్టిలో పడ్డ గుడ్లు ఏళ్ళ తరబడి బతకగలవు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా చంటిపిల్ల చేసింది మాత్రం పారతో తీసి అరటిచెట్టు మొదట్లో వేసే అలవాటు ఇంకా పోలేదు. పసిపిల్ల మలంలో దోషమేముంటుందని అడుగుతారు. పెద్దవాళ్ళ కంటే పిల్లల కడుపుల్లోనే ఈ పురుగులు ఎక్కువ. అది మరుగుదొడ్డిలోనే పడాలి, ఎత్తిన చెయ్యి సబ్బుతో కడగాలి. అదే అరటిచెట్టు కింద రెండు వారాల తర్వాత పెద్దపిల్ల గచ్చకాయలాడుతుంది.

తోటకూర, పాలకూర ఉడికిస్తాం కాబట్టి వాటితో భయం లేదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీరా, క్యారెట్, ముల్లంగి దగ్గర జాగ్రత్త కావాలి. కాలవ మురుగు పారిన మడిలో పెరిగిన కొత్తిమీర కట్ట అలాగే తెచ్చి పెరుగుపచ్చడిలో తరిగేస్తాం. వేర్లు ముందు కోసి పారేసి, మూడు నాలుగు నీళ్ళలో జాడించి, చివరగా కుళాయి కింద కడగండి. దుంపలు తొక్క తీయండి. తాగే నీళ్ళలో క్లోరిన్ వేశారు కదా అనుకోకండి, ఏలికపాము గుడ్డు క్లోరిన్‌కు లొంగదు, మరగబెడితేనే చస్తుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంక గ్రామాల్లోకి నీళ్ళొచ్చినప్పుడు మరుగుదొడ్ల గుంటలన్నీ కలిసిపోతాయి. నీళ్ళు తీశాక కొన్ని వారాలు మరగబెట్టిన నీళ్ళే తాగించి, పిల్లల్ని ఆ బురదలో ఆడనివ్వకండి.

ఈ పురుగుల పిల్లలు పేగు నుంచి ఊపిరితిత్తుల మీదుగా తిరిగి మళ్ళీ పేగుకు చేరతాయి. ఆ సమయంలో దగ్గు, ఆయాసం రావొచ్చు. దగ్గులో పురుగు పడిందని చెప్పినా, ముక్కులోంచి వచ్చిందని చెప్పినా నేను కొట్టిపారేయను.

కొంకిపురుగులైతే కాళ్ళు, రక్తం

దీని గుడ్లు తడి, నీడ ఉన్న మెత్తటి నేలలో ఒకటి రెండు రోజుల్లోనే పగిలిపోతాయి. వారం పది రోజుల్లో పురుగు పిల్ల కాలి చర్మాన్ని తొలిచేంత అవుతుంది. మా కొబ్బరితోటలు దానికి బాగా సరిపోతాయి. తోటలో బహిర్భూమికి వెళ్ళేవాళ్ళు ఒకరిద్దరున్నా చాలు, కొబ్బరిమట్టలు ఏరడానికి వట్టి కాళ్ళతో వెళ్ళిన పిల్లలందరికీ ముప్పే. కాలివేళ్ళ సందుల్లో దురద, చిన్న ఎర్రటి పొక్కులు మొదటి గుర్తు. దాన్ని బురదపుండు అనుకుని పసుపు రాసి వదిలేస్తారు.

చెప్పులు కొనిస్తారు, బడికి వేసుకెళ్ళి ఇంటికి రాగానే అరుగు మీద విడిచేస్తారు. తోటలోకి, దొడ్లోకి వెళ్ళేటప్పుడే అవి కాలికి ఉండాలి. అందుకని పెరటి తలుపు దగ్గర పాత జత ఒకటి పడేసి ఉంచమంటాను.

కొంకిపురుగు పేగు గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. కింది రెప్ప లోపల, నాలుక, గోళ్ళు పాలిపోయి, పిల్ల ఆటకు రాకుండా కూర్చుంటుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బలపాలు, మట్టి, గోడ సున్నం తినే పిల్లకు కూడా ఇదే పరీక్ష. రక్తం తక్కువైనందువల్ల అవి తినాలనిపిస్తుంది, ఆ మట్టితో పురుగుల గుడ్లు మళ్ళీ లోపలికి పోతాయి. కొట్టి మాన్పించలేరు, ఐరన్ ఇచ్చి మాన్పించాలి. పురుగుల మాత్ర ఒక్కటే వేసి వదిలేస్తే పోయిన రక్తం దానంతటది తొందరగా రాదు. చిన్నపిల్లలకు ఐరన్ సిరప్, బడి పిల్లలకు ఐరన్ మాత్రలు మా దగ్గర ఉచితంగానే ఉంటాయి. మోతాదు బరువును బట్టి చెబుతాం. టీతో పాటు మాత్రం వేయకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మలం నల్లబడితే భయపడక్కర్లేదు, ఐరన్ వేసుకున్నప్పుడు అలాగే ఉంటుంది.

కొరడాపురుగు గురించి ఒక్క మాటే. ఒక్క మాత్రకు అది తరచూ లొంగదు. జిగురూ రక్తంతో మాటిమాటికీ దొడ్డికెళ్తున్నా, ముక్కినప్పుడు మలద్వారం బయటికి జారుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మూడు రోజులు వరుసగా మందు ఇస్తారు.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి

పొట్ట ఉబ్బి గట్టిపడి, మెలిపెట్టే నొప్పితో వాంతులవుతూ, గ్యాసూ మలమూ రెండూ ఆగిపోతే, అందులోనూ వాంతి ఆకుపచ్చగా ఉన్నా, వాంతిలో పురుగు పడినా, పాములు ఉండచుట్టుకుని పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో ఆల్బెండజోల్ వేయకండి, ఆముదం అసలే వద్దు. నోటితో ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేసి, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళమని అడగండి. చివరిసారి పురుగుల మాత్ర ఎప్పుడు వేశారో, ఆఖరున ఏం తిన్నదో, మలం ఎప్పటి నుంచి ఆగిందో డాక్టరుకు చెప్పండి.